పత్తి వెంకయ్యగారి స్మృతి

భాద్రపద బహుళ అమావాస్య దగ్గరపడుచున్నది. మన నారాయణఖేడ్ ప్రాంతమున దీనిని పెత్రమాస యందురు. ఆ దినమున ప్రతి రైతుకుటుంబమువారును గతించిన పెద్దల పేర బియ్యము, పప్పు, కూరగాయలు పళ్లెమున నుంచి యిచ్చుట ఆచారము. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పుదుము. అంతకు పైవారి పేళ్లు చాలమందికి తెలియవు. తెలిసిన ఆ ముగ్గురిని గూర్చియైనను మన మెఱిగిన దెంత? తాతగారు ఏ భూమి కొనిరో పట్టా చెప్పును. ఎంత అప్పు మిగిల్చిరో పాత లెక్కలు చెప్పును. ఆయన ఏ యూళ్లు తిరిగిరి, ఏ విత్తనము తెచ్చి వేసి చూచిరి, ఏ పంటలో నష్టపోయి ఎందఱి చేత మాటలు పడిరి, ఇవి యే దస్తావేజులోను ఉండవు. ఇంటి ఆడువారు చెప్పుకొనునంత కాలము నిలిచి, వారితోడనే పోవును.

గత సంవత్సరము మా తండ్రిగారు కాలము చేసిరి. ఎనుబది దాటిన వయస్సు. ఊరిలో ఆయనకు నిలుకడ లేని మనిషియని పేరు. కోతలు కాగానే యింట నుండువారు కారు. బీదరు సంతకును, ఉద్గీరు వైపు దేవణి యెడ్ల బేరమునకును, మంజీరా వెంబడి నిజాంసాగరు కట్ట చూచుటకును, మొదట కాలినడకను, తరువాత సైకిలు మీదను పోవుచుండిరి. వట్టి చేతులతో తిరిగి వచ్చుట లేదు. రుమాలు కొంగున ఏదో గింజ ముడివేసికొని వచ్చెడివారు. ధార్వాడలో 1972వ సంవత్సరమున వరలక్ష్మియను సంకర పత్తి విత్తనము విడుదలైనది. అది బయలుదేరిన కొలది యేండ్లకే ఎవరినో పట్టుకొని దానిని సంపాదించి, జొన్న వేయవలసిన రెండెకరములలో ఆయన వేసిరి. అది నీరు, మందులు మెండుగా కోరు పైరు. మాది వానమీది రేగడి. కాయ పట్టునప్పటికి వాన మొగము చాటు చేసినది, పచ్చపురుగు మాత్రము వేళకు వచ్చినది. ఆ యేడు మా అమ్మ చేతి కడియములు పోయినవి. “పేరు వరలక్ష్మి, ఇంటికి తెచ్చింది అప్పు” అని ఆమె తన కడపటి దినముల దాక అనుచునే యుండెను.

అట్లు మాట పడినప్పుడెల్ల మా తండ్రిగారు చెప్పు సమాధాన మొక్కటే. “పత్తి వెంకయ్య కంటె ఎక్కువ పోగొట్టుకొన్ననా?” ఆగస్టు పదునైదున సంఘపు గిడ్డంగి యెదుట జెండా యెక్కించునప్పుడు, ప్రక్కన నిలిచిన పిల్లల భుజము తట్టి, “ఈ జెండా చేసినాయన పత్తి విత్తనాల మనిషి, తెలుసునా?” అని చెప్పెడివారు. మేము దానిని ముసలివారి చాదస్తముగా నెంచితిమి. ఆయన పోయిన తరువాత నేను పుస్తకములు చూచితిని. ఆయన చెప్పినది సత్యము. అందులకే మన సభ్యులకు ఈ సంగతులు వ్రాయ సాహసించుచున్నాను.

పింగళి వెంకయ్యగారు 1876వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన కృష్ణాజిల్లా మచిలీపట్టణమునకు సమీపమందలి భట్లపెనుమఱ్ఱు గ్రామమున జన్మించిరి. తండ్రి హనుమంతరాయుడుగారు, తల్లి వెంకటరత్నమ్మగారు. కృష్ణ యొడ్డు గ్రామములలో పెరిగి, మచిలీపట్టణమున చదివినవారు. ఇంతవరకును ఇది ఆనాటి యే మధ్యతరగతి యింటి కుఱ్ఱని కథయైన కావచ్చును. తదనంతర కథ వేఱు. పందొమ్మిదవ యేట సైన్యమున చేరిరి. 1899 మొదలు 1902 వరకు దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయులకును బోయర్లకును జరిగిన యుద్ధమునకు ఆ సైన్యముతో వెళ్లిరి. పెనుమఱ్ఱు పొలముగట్టుల మీద తిరుగవలసిన బాలుడు సముద్రములు దాటి పరాయివాని యుద్ధములో నిలిచెను! గాంధిగారు ఆ కాలమున అచ్చటనే న్యాయవాదిగా నుండి, గాయపడిన సైనికులను మోసికొని వచ్చు భారతీయుల దళము నొకదానిని నడపిరి. వీరిరువురకు పరిచయము ఆ దేశముననే కలిగినది. దాదాపు అర్ధశతాబ్ది నిలిచిన అనుబంధము యుద్ధభూమిలో మొదలైన దన్నమాట.

స్వదేశమునకు వచ్చిన పిదప ఆయన ఒకచోట నిలిచినవారు కారు. రైల్వేలో గార్డుగా కొంతకాలము, ప్లేగు వ్యాధి నివారణ యుద్యోగములో కొంతకాలము గడపిరి. తరువాత లాహోరు వెళ్లి ఆంగ్లో వైదిక కళాశాలలో చేరి జపాను భాష నేర్చుకొనిరి. 1913లో బాపట్లలో జరిగిన సభ యందు జపాను భాషలో ఉపన్యసించిరట. విన్నవారిలో దాని యర్థ మెఱిగినవా రెందఱుండిరో గాని, నాటినుండి ఆయన జపాన్ వెంకయ్యయైరి. లోకము ఆయనకు పెట్టిన పేళ్లలో నిది యొకటి. మఱి మూడు గలవు. వానిలో మన రైతులకు పనికివచ్చునది పత్తి వెంకయ్య.

ఆ పేరు వచ్చిన చోటు మన తెలంగాణముననే యున్నది. నేటి సూర్యాపేట జిల్లాలోని నడిగూడెము ఆనాడు మునగాల పరగణాకు ముఖ్యస్థానము. ఈ పరగణా ఒక వింత సీమ. నాలుగు దిక్కుల నిజాము రాజ్యము, నడుమ నిది యొక దీవివలె ఆంగ్లేయుల కృష్ణాజిల్లాకు చేరియుండెను. జమీందారు నాయని వెంకటరంగారావుగారు విద్యాభిమాని. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించుటకు తోడ్పడినవారిలో ఆయన ముఖ్యులు. అట్టి యాశ్రయము దొరకగా వెంకయ్యగారు నడిగూడెమున పొలము పట్టి పత్తిమీద పరిశోధనకు దిగిరి.

ఇచ్చట పత్తి సంగతి కొంత చెప్పవలెను. మన పెద్దలు వేసిన దేశవాళి పత్తికి వేరు లోతు, వానకు వెఱవదు, పురుగును కొంత ఓర్చును. కాని కాయ చిన్నది, నూలుపోగు పొట్టిది. మిల్లులవారు కోరునది పొడవు పోగు. అది అమెరికా జాతి పత్తిలో గలదు. అయితే అమెరికా జాతికి నీటి తడియు మనిషి కన్నును ఎడతెగక కావలెను. ఇరువదవ శతాబ్దము తొలి సంవత్సరములలో ఆ జాతికే చెందిన పత్తి యొకటి కాంబోడియా దేశమునుండి మద్రాసు రాజధానికి వచ్చినది. కాంబోడియా పత్తియని దాని పేరు. కోయంబత్తూరు మొదలగు దక్షిణపు జిల్లాలలో బావుల క్రింద అది చక్కగా పండి వ్యాపించినది. వెంకయ్యగారు నడిగూడెమున చేసిన పని యీ మార్గములోనిదే. విదేశపు గింజలను తెప్పించి, మన నేలలో వేసి, ఇచ్చటి రకములతో కలిపి చూచి, కాయను పోగును పరీక్షించుట. అందులకే పత్తి వెంకయ్యయను పేరు. 1909లో లండనులోని రాయల్ వ్యవసాయ సంఘమువారు ఆయనను సభ్యునిగా చేర్చుకొనిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

ఈ మాట వ్రాయుచు నేను మా చేను వంక చూచితిని. నేడు మన తాలూకా రేగళ్లలో కనుచూపు మేర పత్తియే. అందు దాదాపు అంతయు అమెరికా జాతి సంకరమే. 2002లో మన దేశమున బీటీ పత్తి కనుమతి వచ్చినది మొదలు దేశవాళి విత్తనము చూచుటకైనను దొరకుట లేదు. కాయ పెద్దదైనది, పోగు పొడవైనది, నిజమే. దానితోడ ప్రతి సంవత్సరము విత్తనపు సంచి కొనవలసిన ఖర్చును వచ్చినది. ఏలయన సంకరపు గింజ దాచి మరల వేసిన మొదటి గుణము నిలువదు. మొదట బీటీకి లొంగిన గులాబిరంగు పురుగు ఇప్పుడు లొంగుట లేదు. వెంకయ్యగారు నడిగూడెమున పట్టుకొన్న సమస్య, అనగా పరదేశపు పోగును మన నేల యోర్పును ఒక మొక్కలో నెట్లు కూర్చుటయను సమస్య, నూఱేండ్లు దాటినను తెగలేదు. తీరినదని సంచి మీద అచ్చువేసినవారు మాత్రము పెక్కురు.

ఆయన గింజ వేసి చూచిన పొలములో నష్టము జమీందారు భరింపగలిగెను. మా తండ్రిగారి రెండెకరముల నష్టము మా అమ్మ కడియములు భరించినవి. ఈ భేదము మన సంఘసభ్యులకు నేను విప్పి చెప్ప నక్కఱలేదు.

1911 ప్రాంతమున వెంకయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులైరి. కోపల్లె హనుమంతరావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు కలిసి స్థాపించిన విద్యాలయ మది. ఇతరులు పుస్తకము చెప్పుచుండగా, ఈయన వ్యవసాయము, చరిత్ర, గుఱ్ఱపుస్వారి, సైనిక శిక్షణము నేర్పెడివారు. విద్యార్థులకు ఎంత వేడుకయో ఊహింపుడు. పైరు సంగతి చెప్పిన చేతనే కళ్లెము పట్టించు గురువు ఎన్ని బడులలో నుండును?

జెండా సంగతి జగమెఱిగినది గనుక సంగ్రహముగా చెప్పుదును. 1906లో దాదాభాయి నౌరోజీగారి యధ్యక్షతను కలకత్తాలో జరిగిన కాంగ్రెసు మహాసభకు వెళ్లి, పరుల పతాకము ఎగురుట చూచి నొచ్చుకొనిరనియు, అప్పటినుండి మన జాతికొక జెండా యుండవలెనను తలంపు ఆయనను విడువలేదనియు చెప్పుదురు. 1916లో ఇంగ్లీషున ఒక పుస్తకము ప్రకటించి, అందు ఇంచుమించు ముప్పది నమూనాలు చూపిరి. ఏటేట కాంగ్రెసు సభలకు పోయి అదియే మాట. విసుగు చెందినవారు ఉండియుందురు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1వ తేదీలలో బెజవాడలో కాంగ్రెసు సంఘము సమావేశమైనది. అప్పుడు జరిగిన దానిని గాంధిగారే ఆ యేప్రిలు 13వ తేదీ యంగ్ ఇండియా పత్రికలో వ్రాసిరి. వెంకయ్యగారి పట్టుదలను మెచ్చుకొనిరి గాని, ఆ పుస్తకములోని నమూనా లేవియు తమ్ము కదలింపలేదనిరి. జలంధరమునకు చెందిన లాలా హంసరాజుగారు రాట్నపు గుఱుతు నుంచవలెనని సూచింపగా గాంధిగారికి నచ్చినది. ఎఱుపు ఆకుపచ్చల నేల మీద రాట్నము గల జెండాను చేసి తెమ్మని వెంకయ్యగారిని కోరిరి. మూడు గంటలలో జెండా వచ్చినది! అయినను సభ ముందుంచుటకు కొంచెము ఆలస్యమైనది. ఆ యాలస్యమే మేలైనదని గాంధిగారు వ్రాసిరి. ఏలయన, ఆలోచించుకొనుటకు వ్యవధి చిక్కి, తెలుపు రంగు కూడ నుండవలెనని వారికి తోచినది.

ఇందులో మన రైతులు గమనింపవలసిన దొకటి కలదు. పదునైదేండ్లు తాను వెంటాడిన జెండాకు తుదిరూపము వచ్చునప్పుడు దాని గుఱుతు ఇంకొకరి సలహా, తెల్లరంగు వేఱొకరి తలంపు. 1931లో కాంగ్రెసువారు కాషాయము, తెలుపు, ఆకుపచ్చ అను వరుసను నిర్ణయించిరి. 1947 జూలై 22న రాజ్యాంగసభవారు రాట్నమునకు బదులు అశోకచక్రము నుంచిరి. ఇన్ని చేతులు పడినను వెంకయ్యగారు అలిగి తొలగినవారు కారు. నా ముప్పది నమూనాలేమైనవని అడిగినట్లు ఎక్కడను కనబడదు. సంఘములో పని చేయువారికి ఈ గుణ మెంత దుర్లభమో, మన సర్వసభ్య సమావేశములు చూచినవారికి తెలియును.

ఆ జెండా మన తాలూకాకు వచ్చుటయు సులభముగా జరుగలేదు. అప్పటికి నారాయణఖేడ్ తాలూకా నిజాము సంస్థానమున బీదరు జిల్లాలోనిది. 1956లో మెదకు జిల్లాకు వచ్చినది, 2016లో సంగారెడ్డి జిల్లా అయినది. 1947 ఆగస్టు 15న దేశమంతట ఎగిరిన పతాకమును సంస్థానములో ఎగురవేయబోయినవారిని చెఱపట్టిరి. స్వామి రామానందతీర్థగారు ఆ దినమే నిర్బంధింపబడిరి. 1948 సెప్టెంబరు 17న సంస్థానము లొంగువరకు, అనగా మఱి పదుమూడు నెలలు, మనవారు ఆ జెండాను పెట్టెలోనో మనస్సులోనో దాచుకొనిరి. మా తండ్రిగారు అప్పటికి ఎనిమిదేండ్లవారు. తాము మొదటిసారి జెండా చూచినది ఒక బండిపోలుగఱ్ఱకు కట్టియుండగా నని చెప్పెడివారు.

జెండా ప్రసిద్ధమైన తరువాత వెంకయ్యగారు దాని నీడన కూర్చుండలేదు. నెల్లూరు సీమకు పోయి అభ్రకపు గనుల సంగతులు పరిశోధించుచు ఏండ్లు గడపిరి. పిదప వజ్రముల వెంట పడిరి. కృష్ణాతీరమున కొల్లూరు గనుల పేరు లోకమంత విన్నదే గదా. వజ్రము పుట్టు రాతిని గూర్చి గ్రంథము వ్రాసిరి. డైమండ్ వెంకయ్యయను మూడవ పేరు ఇందువలన వచ్చినది. వజ్రముల శాస్త్ర మెఱిగినవాని యింట వజ్రము మాట యటుండగా, తులము బంగారమైన మిగులలేదు.

ఇంటివారి సంగతి చెప్పక ఈ కథ పూర్తికాదు. ఆయన భార్య రుక్మిణమ్మగారు పామఱ్ఱు గ్రామకరణముగారి కుమార్తె. ఇద్దఱు కొడుకులు, ఒక కూతురు. లాహోరుకు పోయినను, నెల్లూరుకు పోయినను, కాంగ్రెసు సభలకు ఏటేట పోయినను, ఇంట పొయ్యి వెలిగించిన దామె. ఆమెను గూర్చి పుస్తకములలో ఒక పంక్తికి మించి కానరాదు. మా అమ్మను తలచుకొని, ఆ పంక్తి దగ్గఱ నేను చాలసేపు ఆగితిని.

వృద్ధాప్యమున ఆయన విజయవాడలో చిట్టినగరు వైపు ఒక చిన్న గుడిసెలో కాపురముండిరి. సైన్యములో పనిచేసినందులకు లభించిన స్థలమని చెప్పుదురు. 1963లో, బ్రదికిన చివరి నెలలలో, విజయవాడ పౌరులు కొందఱు పూనుకొని ఆయనకు సన్మానము చేసిరి. ఆ జూలై 4వ తేదీన ఆయన కన్నుమూసిరి. వయస్సు ఎనుబదియాఱు నిండి ఎనుబదియేడు నడచుచుండెను. ఇంటివారికి ఆయన చెప్పిన తుదికోరిక యిట్టిదని వ్రాసిరి: శరీరము మీద మువ్వన్నెల జెండా కప్పవలెను, శ్మశానము చేరిన తరువాత దానిని తీసి అచ్చటి రావిచెట్టుకు కట్టవలెను. ఎంత జాగ్రత్త గల మాట! జెండా తనతో కాలిపోరాదు. తన మీదినుండి తీసి మరల గాలికి ఎగురనీయవలెను.

తరువాత ఏబది యెనిమిదేండ్లు గడచినవి. 2009లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వచ్చినది. ఊరూర విగ్రహములు లేచినవి. ఆయనకు నలుబదియైదు దాటిన తరువాత పుట్టిన కుమార్తె ఘంటసాల సీతామహాలక్ష్మిగారు పల్నాటిలోని మాచర్లలో ఇంతకాలము తండ్రిని తలచుకొనుచు జీవించిరి. తండ్రి పోవునప్పటికి నలుబది దాటిన ఆ కూతురు, నూఱేండ్ల యంచునకు వచ్చువరకు ఆ కథలను మనుమలకు, అడుగవచ్చినవారికి చెప్పుచు కాపాడెను. 2021 మార్చి 12న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి మాచర్లలోని ఆమె యింటికి వెళ్లి సత్కరించిరి. ప్రభుత్వము డెబ్బదియైదు లక్షల రూపాయలిచ్చినది. తండ్రి బ్రదికియున్నప్పుడు అందులో వెయ్యవ వంతు వచ్చినను గుడిసె మీద పెంకులు పడియుండును. అయినను ఆలస్యముగా వచ్చిన గౌరవమును తిరస్కరించుట మన పద్ధతి కాదు. గింజ ఆలస్యముగా మొలచినను మొలకయే.

మఱుసటి సంవత్సరము దేశమున ఇంటింట జెండా యెగురవేయవలెనని పిలుపు వచ్చినది. 2022 ఆగస్టు 2న, వెంకయ్యగారి నూట నలుబదియాఱవ జయంతినాడు, ఢిల్లీలో ఉత్సవము చేసి మరల తపాలాబిళ్ల విడుదల చేసిరి. సీతామహాలక్ష్మిగారు దానిని చూడలేదు. పండ్రెండు దినములకు ముందే, జూలై 21న, నూఱేండ్ల వయస్సున ఆమె గతించిరి.

ఇప్పుడు మన గిడ్డంగి ముంగిటి జెండా సంగతి. పూర్వము జాతీయపతాకము చేతితో వడికి చేతితో నేసిన బట్టతోడనే చేయవలెనని నియమముండెను. 2021 డిసెంబరు 30న ఆ నియమమును సవరించి, యంత్రముమీద చేసిన బట్టను, పాలిస్టరును గూడ అనుమతించిరి. ఇంటింటికి జెండా చేరవలెనన్న చవుకగా నుండవలెను గదా యని కారణము. ఆ కారణమును నేను కాదనను. కాని పోయిన సంవత్సరము మన సంఘమువారు తెచ్చిన జెండాను మడత విప్పుచు చేతితో తడివి చూచితిని. జారుచున్నది, మెఱయుచున్నది. అందు పత్తి పోగు ఒక్కటి లేదు. ఎదురుగా నిలిచిన రెండువందలమంది సభ్యులలో పత్తి వేయనివారు పదిమందియైన లేరు. పత్తి వెంకయ్య జెండాను పత్తి రైతులము పత్తి లేకుండ ఎగురవేసితిమి. మా తండ్రిగారు ఉండియుండిన ఆ వేళ ఏమనియుందురో నాకు తెలియును గాని, ఈ పత్రికలో అచ్చువేయదగినది కాదు. రాబోవు ఏడు ఖద్దరు జెండా కొనుటకు కార్యవర్గమువారి కొక అర్జీ వ్రాసి యిచ్చితిని. ఖరీదు వ్యత్యాసము నా వాటా లాభములో తగ్గించుకొనవచ్చునని కూడ వ్రాసితిని.

పోయిన నెలలో మా తండ్రిగారి సంవత్సరీకము జరిగినది. విస్తళ్లు తీసిన తరువాత పిల్లలందఱును అరుగు మీద చేరి తాత ముచ్చట చెప్పుమని పట్టుబట్టిరి. ఉద్గీరు త్రోవలో ఎడ్లు బెదిరి వాగులో దిగిన రాత్రి చెప్పితిని. నిజాంసాగరు కట్ట మీద తాత నిద్రపోయి బండి తప్పించుకొన్న సంగతి చెప్పితిని. నవ్విరి. తరువాత వరలక్ష్మి పత్తి సంగతి, అమ్మమాట, కడియముల సంగతి చెప్పితిని. అది చెప్పవలెనా యని ముందు సందేహించితిని. తాత ఓడిన కథ గదా. చిన్న మనుమరాలు మాత్రము నవ్వక, “అయితే ఆ యేడు పత్తి ఎంత వచ్చింది తాతా?” అని అడిగినది.

“ఎకరానికి రెండు క్వింటాళ్లు కూడా రాలేదమ్మా” అని చెప్పితిని.

“మరి మళ్లా యేడు?”

మఱుసటి యేడు ఆయన జొన్నల నడుమ నాలుగు సాళ్లు మాత్రము పత్తి వేసిరి. గింజ ఎక్కడినుండి తెచ్చిరో మాకెవరికిని చెప్పలేదు.